వరుసలు – వెలుగు

కళాశాల వార్షికోత్సవం ముగిసిన మరునాటికి వేదికమీది తోరణాలు వాడిపోతాయి. ముఖ్య అతిథి ప్రసంగంలోని మాటలు నెల తిరిగేసరికి ఎవరికీ జ్ఞప్తిలో ఉండవు. ఆనాటి సందడిలో చివరకు నిలిచేది ప్రధానాచార్యుల గదిలో గోడకు వ్రేలాడే ఒక్క పటం. అందులో నాలుగు వరుసల మనుషులుంటారు. ఒక్కొక్కరి ముఖం చిటికెనవ్రేలి గోటికన్న పెద్దది కాదు. అయినా ఆ పటం ముందు నిలిచినవారందరూ చేసే పని ఒక్కటే. తమకు తెలిసిన ముఖాన్ని వెదుకుతారు.

ఈ వెదుకులాట వెనుక గొప్ప ఆర్తి ఉంది. ఇంటింటా కెమెరా లేని కాలంలో సామాన్యుడు ఫొటో దిగే సందర్భాలు జీవితం మొత్తంమీద వ్రేళ్ళమీద లెక్కించదగినన్ని మాత్రమే ఉండేవి. కనుకనే తాతగారి యౌవనకాలపు ముఖాన్ని చూడాలంటే వారు చదివిన పాఠశాలలో తీసిన గ్రూప్ ఫొటో తప్ప వేరే ఆధారం లేని కుటుంబాలు మన సమాజంలో కనిపిస్తాయి. ఆ పటంలో వారి ముఖంమీద ముందువరుసలోని వారి తలపాగా నీడ పడి ఉంటే ఇక చేయగలిగింది లేదు. ఆ ముఖం మరి దొరకదు. ఛాయాగ్రాహకుడు ఆ రోజు మరి రెండు నిమిషాలు ఓపిక పట్టి ఉంటే ఈ నష్టం జరిగేది కాదు.

సమూహ ఛాయాచిత్రంలో రెండు వ్యవస్థలు ఒకదానితో ఒకటి పెనుగులాడుతుంటాయి. మొదటిది మర్యాదకు సంబంధించినది. ఎవరు మధ్యలో కూర్చోవాలి, ఎవరు కుర్చీలో, ఎవరు నేలమీద, ఎవరు వెనుక అన్నది పదవిని బట్టి, వయస్సును బట్టి నిర్ణయమవుతుంది. రెండవది కాంతికి సంబంధించినది. కాంతికి పదవులతో నిమిత్తం లేదు. దానికి తెలిసినది దూరం ఒక్కటే. దీపానికి దగ్గరగా ఉన్నవారికి ఎక్కువ వెలుగు, దూరంగా ఉన్నవారికి తక్కువ వెలుగు లభిస్తుంది. పెద్దలు ముందు కూర్చుంటారు గనుక మర్యాద, దూరం రెండూ వారి పక్షానే చేరుతాయి. వెనుక నిలిచినవారికి రెండు విధాలా అన్యాయం జరుగుతుంది. స్థానంలో తారతమ్యం ఉండవచ్చుగాని వెలుగులో తారతమ్యం ఉండరాదు. మంచి ఛాయాగ్రాహకుని శ్రమ అంతా ఈ ఒక్క నియమం చుట్టూ తిరుగుతుంది.

చిత్రకారులకు ఈ నియమం వర్తించలేదు. క్రీస్తుశకం 1642లో డచ్చి చిత్రకారుడు రెంబ్రాంట్ ఆమ్‌స్టర్‌డామ్ నగర రక్షకదళంలోని వారిని ఒకే తెరమీద చిత్రించాడు. ‘నైట్ వాచ్’ అనే పేరుతో అది లోకప్రసిద్ధమైంది. ఆ చిత్రానికి దళసభ్యులు సగటున తలకు నూరు గిల్డర్లు చెల్లించారని, చిత్రంలో తమకు లభించిన స్థానాన్ని బట్టి కొందరు ఎక్కువ, కొందరు తక్కువ ఇచ్చారని అందులోని ఒక సభ్యుడు తరువాతి కాలంలో వాంగ్మూలమిచ్చాడు. నాయకునిమీద వెలుగు కుమ్మరించి, వెనుకనున్నవారిని చీకటిలో ముంచడం రెంబ్రాంట్ కళకు శోభనిచ్చింది. ఆ స్వేచ్ఛ కళాశాల వార్షికోత్సవంలో ఫొటో తీసేవానికి లేదు.

ఛాయాచిత్రకళ 1839లో ఫ్రాన్సులో లోకానికి వెల్లడైనప్పుడు ఒక్క బొమ్మ పడడానికి నిమిషాల కాలం పట్టేది. కూర్చున్న మనిషి తల కదలకుండా వెనుక ఇనుపకొయ్యను ఆనించేవారు. అటువంటి దశలో యాభైమందిని కదలకుండా నిలబెట్టడం ఊహకందని పని. 1880 ప్రాంతానికి జెలటిన్ పూతగల గాజుపలకలు వాడుకలోకి వచ్చి, క్షణంలో చిన్న భాగం చాలునన్నంతగా వేగం పెరిగింది. హైదరాబాదు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడై, సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పిన రాజా దీన్‌దయాళ్ (1844–1905) కృషి ఈ దశకు చెందినది. రాజబంధువులను, సైనికాధికారులను, దొరలను వరుసలు తీర్చి ఆయన తీసిన చిత్రాలను పరిశీలిస్తే మర్యాదక్రమాన్ని ఎంత నిశితంగా పాటించేవారో తెలుస్తుంది. ఆనాటి సమూహచిత్రాలలో అధికభాగం ఆరుబయట తీసినవే. సూర్యుడు ముందువరుసకూ వెనుకవరుసకూ సమానదూరంలోనే ఉంటాడు. భవనం ముందరి మెట్లు వరుసలకు ఎత్తును సమకూరుస్తాయి. మన పాత కళాశాలల పటాలలో వరండా మెట్లు తరచు కనిపించడానికి కారణం ఇదే.

చిక్కులన్నీ సమూహం లోపలికి వచ్చిన తరువాత మొదలయ్యాయి. 1887లో జర్మనీకి చెందిన మీథే, గేడికె అనే ఇద్దరు మెగ్నీషియంతో కూడిన మెరుపుపొడిని తయారుచేశారు. పళ్ళెంలో పొడి పోసి అంటిస్తే భగ్గుమని మండి గది పట్టపగలయ్యేది. ఆ వెంటనే పొగ కమ్మేది, చేతులు కాలేవి. 1929–30 నాటికి పొడికి బదులు గాజుబుడ్డిలో మండే ఫ్లాష్‌బల్బు వచ్చింది. అదే దశకంలో అమెరికాలో హెరాల్డ్ ఎడ్జర్టన్ పరిశోధనల మూలంగా ఎలక్ట్రానిక్ ఫ్లాష్ రూపొందింది. నేటి ఛాయాగ్రాహకుని సంచిలో ఉన్నది దాని వారసత్వమే. పరికరం ఎంత మారినా లోపలి గదిలోని మౌలికమైన సమస్య మారలేదు. సూర్యుడు కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. ఫ్లాష్ మాత్రం అక్కడే, తొమ్మిది మీటర్ల దూరంలో ఉంది.

ఈ సమస్యను ఒక ఉదాహరణతో వివరించవచ్చు. ఒక జూనియర్ కళాశాల సభామందిరంలో వీడ్కోలు సభ జరుగుతున్నదనుకుందాం. విద్యార్థులు, అధ్యాపకులు, బోధనేతర సిబ్బంది కలిసి 60 మంది. నేలమీద తివాచీ పరచి 14 మందిని కూర్చుండబెడతారు. వారి వెనుక కుర్చీలలో 15 మంది, ఆ వెనుక నిలిచి 16 మంది, వారికీ వెనుక బెంచీలమీద 15 మంది. ఒక్కొక్క మనిషి భుజాల వెడల్పుకు అర మీటరు చొప్పున లెక్కవేస్తే పదహారుగురి వరుస ఎనిమిది మీటర్లు అవుతుంది. ఇరువైపులా కొంత చోటు విడిచిపెడితే తొమ్మిది మీటర్లు కావాలి. ముందువరుస నుండి వెనుకవరుస వరకు లోతు రెండున్నర మీటర్లు.

కెమెరాను ఎంత దూరంలో నిలపాలి? పాత ఫిల్ము పరిమాణంలోనే సెన్సరు గల కెమెరాకు 35 మిల్లీమీటర్ల లెన్సు తొడిగితే చిత్రంలో పట్టే వెడల్పు, కెమెరా నిలిచిన దూరం దాదాపు సమానంగా ఉంటాయి. కనుక తొమ్మిది మీటర్ల వెడల్పుకు తొమ్మిది మీటర్ల దూరం కావాలి. మందిరంలో అంత చోటు లేదని 24 మిల్లీమీటర్ల లెన్సుతో ఆరు మీటర్ల దూరం నుండి తీసేవారున్నారు. అందరూ చిత్రంలోకి వస్తారుగాని చివరలనున్నవారి ముఖాలు పక్కకు సాగి, బొద్దుగా, వింతగా కనిపిస్తాయి. మధ్యలోని పెద్దలకు ఈ వికారం ఉండదు. శిక్షపడేది మళ్ళీ చివరివారికే. సభామందిరంలో ముందరి కుర్చీలు నాలుగు వరుసలు తీయించి వెనుకకు జరగడం శ్రమతో కూడినదే అయినా సరియైన మార్గం అదే.

ఇక కాంతి లెక్క. దూరం రెట్టింపైతే వెలుగు సగం కాదు, నాలుగవవంతు అవుతుందని భౌతికశాస్త్రం చదివే విద్యార్థులకు తెలుసు. దీన్నే విలోమవర్గ నియమం అంటారు. వెలుగు బాగా పడాలనే ఉత్సాహంతో దీపాన్ని ముందువరుసకు మూడు మీటర్ల దగ్గరగా నిలిపితే వెనుకవరుస ఐదున్నర మీటర్ల దూరంలో పడుతుంది. ముందువారికి నూరుపాళ్ళు వెలుగు అందితే వెనుకవారికి అందేది 30 పాళ్ళు. అదే దీపాన్ని తొమ్మిది మీటర్ల దూరానికి జరిపితే వెనుకవరుస పదకొండున్నర మీటర్లలో ఉంటుంది. అప్పుడు వెనుకవారికి 61 పాళ్ళు అందుతాయి. దీపాన్ని దూరం జరపగా వెనుకవారికి దక్కే వాటా రెట్టింపైంది. వినడానికి విడ్డూరంగా ఉన్నా, దీపం దూరమైనకొద్దీ అది సూర్యుని స్వభావాన్ని సంతరించుకొంటుంది. మొత్తం వెలుగు తగ్గుతుంది నిజమే. ఆ లోటును ఫ్లాష్ శక్తిని పెంచి గాని, కెమెరాలో ఐఎస్ఓ సంఖ్యను 800 వరకు పెంచి గాని పూరించవచ్చు. నేటి డిజిటల్ కెమెరాలకు అది భారం కాదు.

మిగిలిన తేడాను తగ్గించడానికి మరొక యుక్తి ఉంది. దీపాన్ని ముందువరుసకు గురిపెట్టక కొంచెం పైకెత్తి వెనుకవరుస ముఖాలకు గురిపెడతారు. ఫ్లాష్ కాంతి నడుమ దట్టంగా, అంచుల పలుచగా ఉంటుంది. దట్టమైన భాగం దూరపువారికి, పలుచని అంచు దగ్గరివారికి అందుతుంది గనుక రెండూ సరిసమానమవుతాయి. పొలానికి నీరు పెట్టే రైతు చివరిమడిని ముందు తడిపినట్లుగా ఉంటుంది ఈ పద్ధతి.

ఒకే ఫ్లాష్‌ను కెమెరా నెత్తిన తగిలించి తీస్తే ముఖాలు చదునుగా, కాగితంమీద అతికించినట్లు కనిపిస్తాయి. కళ్ళద్దాలు తళుక్కుమని మెరుస్తాయి. ప్రతి తలకూ వెనుక నల్లని నీడ పడుతుంది. కనుక రెండు దీపాలు కావాలి. కెమెరాకు కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి, పొడవాటి స్టాండ్లమీద మూడు మీటర్లకు తగ్గని ఎత్తులో నిలుపుతారు. ఎడమవైపు దీపాన్ని సమూహంలోని కుడికొసకు, కుడివైపు దీపాన్ని ఎడమకొసకు గురిపెడతారు. దగ్గరి కొసకు దీపపు అంచు, దూరపు కొసకు దీపపు నడుమ అందడంతో వరుస పొడవునా వెలుగు సమంగా పరచుకొంటుంది. దీపాలకు తెల్లని ఫొటోగొడుగులు తొడిగితే కాంతి మెత్తబడుతుంది.

దీపాలను మరీ పక్కలకు జరపడం పెద్ద పొరపాటు. అలా చేస్తే పక్కవారి చెవి నీడ, భుజం నీడ వచ్చి మరొకరి చెంపమీద పడుతుంది. ఒక్కరి చిత్రానికి అందాన్నిచ్చే పక్కవెలుగు అరవైమందిలో వివాదాలు తెచ్చిపెడుతుంది. అందుచేత దీపాలను కెమెరాకు చెరొకవైపు రెండు మూడు మీటర్లకు మించకుండా నిలపడం మేలు. దీపం ఎత్తుగా ఉంటే నీడలు క్రిందికి జారి వెనుకవారి ఛాతీమీద పడి దాగిపోతాయి. కళ్ళద్దాలలో మెరుపు కూడా చాలవరకు తప్పుతుంది. వచ్చిన కిరణం వచ్చిన కోణంలోనే తిరిగిపోతుంది గనుక పైనుండి పడిన వెలుగు నేలవైపు పోతుంది, కెమెరావైపు రాదు. అప్పటికీ మెరుపు కనిపిస్తే ఆ వ్యక్తిని గడ్డం వెంట్రుకవాసి దించమంటే సరిపోతుంది.

కొందరు ఫ్లాష్‌ను లోకప్పుకు గురిపెట్టి అక్కడి నుండి తిరిగివచ్చే కాంతితో పని గడుపుతారు. తెల్లసున్నం వేసిన తక్కువ ఎత్తు గదిలో, పదిమంది సమూహానికి అది చక్కని ఉపాయం. పది మీటర్ల ఎత్తున నల్లని లోకప్పు గల సభామందిరంలో ఆ కాంతి తిరిగిరాదు. వచ్చిన కొద్దిపాటి వెలుగు నడినెత్తిన పడి కళ్ళగుంతలను చీకటి చేస్తుంది.

మందిరంలో అంతకుముందే వెలుగుతున్న దీపాల సంగతి కూడా ఆలోచించాలి. వేదికమీది హాలోజన్ దీపాలు పసుపుగాను, ట్యూబులైట్లు ఆకుపచ్చ ఛాయగాను కెమెరాకు కనిపిస్తాయి. కంటికి ఈ భేదం తోచదు, మనస్సు సవరించుకొంటుంది. చిత్రంలో మాత్రం సగంమంది పసుపు పూసుకొన్నట్లు, సగంమంది జ్వరపడి లేచినట్లు కనబడతారు. వీలైతే వేదికదీపాలు ఆర్పించి, ఫ్లాష్ వెలుగునే ప్రధానంగా చేసుకోవాలి. ఆర్పడం కుదరక గది వెలుగుతోనే తీయవలసి వస్తే షట్టరు వేగం గమనించాలి. మన దేశపు విద్యుత్తు సెకనుకు 50 ఆవర్తనాలు గలది. దానివల్ల పాతరకపు ట్యూబులైటు సెకనుకు నూరుసార్లు మినుకుతుంది. నూరవ సెకను గాని, యాభైయవ సెకను గాని పెట్టుకొంటే చిత్రంలో చారలు పడే ప్రమాదం తగ్గుతుంది.

వరుసలు తీర్చడం మరొక విద్య. ప్రాచీన భారతీయ చిత్రకళాశాస్త్రంలో మనిషి నిలిచే భంగిమలకు పెద్దపీట వేశారు. విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రం అటువంటి స్థానాలను తొమ్మిదింటిని పేర్కొన్నది. ఎదురుగా నిటారుగా నిలిచే ఋజ్వాగతం వాటిలో మొదటిది. దేహాన్ని పక్కకు త్రిప్పే భంగిమలు తరువాత వస్తాయి. నేటి గ్రూప్ ఫొటోలో అందరూ ఋజ్వాగతంలోనే నిలుస్తారు. పోలీసు కవాతులో ఉన్నట్లు ఛాతీలు కెమెరాకేసి చాచడం వల్ల వరుస అనవసరంగా వెడల్పవుతుంది, చూపుకు బిగుసుకొన్నట్లుంటుంది. ముఖం మాత్రం ఎదురుగా ఉంచి, భుజాలను చిత్రమధ్యంవైపు కొద్దిగా త్రిప్పితే ఒక్కొక్కరికి ఐదు సెంటీమీటర్లు కలిసివస్తాయి. పదహారుగురి వరుసలో ఇది ముప్పావు మీటరుకు పైగా లాభం. కుడివైపువారు ఎడమకు, ఎడమవైపువారు కుడికి మొగ్గడంతో అందరూ ఒక కుటుంబంలా దగ్గరకు వస్తారు.

వెనుకవరుసవారు ముందువారి తలల వెనుక కాక, ఇద్దరి నడుమనున్న సందులో నిలవాలి. పై లెక్కలో కుర్చీలవరుసకు 15, నిలిచేవరుసకు 16, మళ్ళీ బెంచీలకు 15 అని సరి బేసి సంఖ్యలను మార్చి మార్చి చెప్పడంలోని ఉద్దేశం అదే. పదిహేనుగురి వెనుక పదహారుగురు నిలిస్తే ప్రతివారికీ ఒక సందు దానంతటదే దొరుకుతుంది. అయినా పొట్టివారు కొందరు మరుగున పడుతూనే ఉంటారు. కెమెరా కనిపిస్తోందా అని అడిగితే అందరూ కనిపిస్తోందనే అంటారు. ఒక కన్ను మూసి, తరువాత రెండవ కన్ను మూసి చూడమనాలి. ఏ కంటికైనా కెమెరా కనిపించకపోతే ఆ సగం ముఖం చిత్రంలోకి రాదు. ఈ చిన్న పరీక్ష పది సెకన్లలో ముగుస్తుంది. దీన్ని పాటించని కారణంగా సగం ముఖంతో మిగిలిపోయినవారు పాత పటాలలో తరచు కనబడతారు.

వరుసలను సరళరేఖగా కాక కెమెరాకేసి వంగిన విల్లులా తీర్చాలి. అప్పుడు కొసలవారు, మధ్యవారు కెమెరాకు సమానదూరంలో ఉంటారు. కెమెరాను నిలిచినవారి కంటి ఎత్తుకు కొంచెం పైగా ఉంచితే వెనుకముఖాలు తేటగా వస్తాయి. మరీ ఎత్తుకు పోతే అందరూ ఆకాశంలోకి చూస్తున్నట్లుంటారు. వెనుకగోడకు, ఫ్లెక్సీ బ్యానరుకు కనీసం రెండు మీటర్ల దూరం ఉండాలి. అందరూ బ్యానరును ఆనుకొని నిలబడడం మన సభలలో ఒక దురలవాటు. నిగనిగలాడే ఆ ఫ్లెక్సీ ఫ్లాష్ కాంతిని మింగి వెనుకకు కక్కుతుంది. బ్యానరుమీది అక్షరాలు ప్రకాశిస్తాయి, దాని ముందరి మనుషులు వెలవెలబోతారు.

వస్త్రాల సంగతి ప్రత్యేకంగా చెప్పవలసినది. కెమెరా తనంతట తాను వెలుగును కొలిచేటప్పుడు ఎదుట ఉన్నదంతా మధ్యస్థమైన బూడిదరంగేనని భావిస్తుంది. తెల్లని పంచెలు, ఉత్తరీయాలు ధరించిన పండితసభను చూసి వెలుగు మితిమీరిందనుకొని చిత్రాన్ని చీకటి చేస్తుంది. ముఖాలు మాడిపోతాయి. స్నాతకోత్సవంలో నల్లని గౌనులను చూసి వెలుగు చాలదనుకొని చిత్రాన్ని తెల్లబరుస్తుంది. ముఖాలు వెలిసిపోతాయి. రెండుచోట్లా కెమెరా బట్టలను చూస్తోంది, మనుషులను కాదు. ముఖంమీద పడే వెలుగునే కొలవాలి. అందులోనూ ముదురుచాయ గల ముఖంలో కళ్ళు, కనుబొమలు, నవ్వు స్పష్టంగా వచ్చాయో లేదో ముందుగా పరీక్షించాలి. తెల్లని ముఖాన్ని చూసి తృప్తిపడి, పక్కనున్న చామనచాయ ముఖాన్ని నీడకు వదిలేయడం ఎంతమాత్రం క్షమింపదగినది కాదు.

మన కళాశాలల్లో భువనవిజయం ప్రదర్శించే సంప్రదాయం ఉంది. ఆ వేషధారుల చిత్రం తీయడం ఛాయాగ్రాహకునికి కఠినపరీక్ష. రాయలు, తిమ్మరుసు, అష్టదిగ్గజాలు కలిసి పదిమందే. కాని కిరీటాలు, తలపాగాలు, జరీ ఉత్తరీయాలు, అట్టమీద అంటించిన అద్దపు పెంకులు అన్నీ కలిసి వెలుగును నలుదిక్కులా చిమ్ముతాయి. తలపాగా అంచు నీడ నుదుటిమీదుగా కళ్ళవరకు దిగుతుంది. ఇక్కడ మాత్రం దీపాన్ని కొంత దించక తప్పదు. లేదా ముందువరుస ఎదుట నేలమీద తెల్లని గుడ్డ పరిస్తే పైనుండి పడిన వెలుగు దానిమీద పడి పైకి లేచి కళ్ళలోకి చేరుతుంది. అలంకారం స్థానం తప్పితే అందం చెడుతుందని ఔచిత్యసిద్ధాంతాన్ని ప్రతిపాదించిన క్షేమేంద్రుడు కావ్యాన్ని గురించి చెప్పాడు. ఆ మాట అల్లసాని పెద్దన తలపాగాకు కూడా అన్వయిస్తుంది.

వెలుగు, వరుసలు రెండూ కుదిరిన తరువాత కూడా కనురెప్పలు మిగిలి ఉంటాయి. ఆస్ట్రేలియాలోని సి.ఎస్.ఐ.ఆర్.ఓ. సంస్థకు చెందిన నిక్ స్వెన్సన్, పియర్స్ బార్న్స్ ఈ విషయాన్ని గణితంతో పరిశీలించారు. సమూహంలో ఒక్కరి కళ్ళు కూడా మూసుకొని ఉండకుండా చిత్రం రావాలంటే ఎన్నిసార్లు తీయాలని వారు లెక్కగట్టారు. ఇరవైమందికి లోపైతే, మంచి వెలుగులో జనసంఖ్యను మూడుతో, వెలుగు చాలనిచోట రెండుతో భాగించగా వచ్చినన్నిసార్లు తీయాలి. పద్ధెనిమిదిమందికి ఆరుసార్లు గాని, తొమ్మిదిసార్లు గాని అన్నమాట. యాభైమంది దాటితే అందరి కళ్ళూ తెరిచి ఉన్న చిత్రం లభించే ఆశ దాదాపు లేదు. మొదట నవ్వించి తరువాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ బహుమతి 2006లో గణితశాఖకు ఈ లెక్కకే లభించింది.

మన అరవైమందికి అందుచేత వేరే ఉపాయం అవసరం. అందరినీ ఒక్కసారి కళ్ళు మూయమని, మూడు అనగానే తెరవమని చెబితే ఆ తరువాతి సెకనులో రెప్ప వాల్చేవారు తక్కువగా ఉంటారు. కెమెరాను ట్రైపాడ్ మీద కదలకుండా బిగించి వరుసగా పది చిత్రాలు తీసి ఉంచుకొంటే, ఒకదానిలో మూసిన కళ్ళను మరొకదానిలోని తెరిచిన కళ్ళతో కంప్యూటరులో సవరించవచ్చు. ఇది తప్పా అని ప్రశ్నించేవారున్నారు. అదే మనిషి, అదే చోట, అదే నిమిషంలో తెరిచిన కళ్ళు గనుక ఇందులో అసత్యమేమీ లేదు. రాని మనిషిని తెచ్చి అతికించడం మాత్రం వేరే సంగతి. 1911లో బ్రస్సెల్స్‌లోని మెట్రోపోల్ హోటలులో మొదటి సాల్వే భౌతికశాస్త్ర సమావేశం జరిగింది. మేరీ క్యూరీ, ఐన్‌స్టీన్, ప్లాంక్, రూథర్‌ఫర్డ్ ప్రభృతులున్న ఆ ప్రసిద్ధచిత్రంలో సమావేశ పోషకుడు ఎర్నెస్ట్ సాల్వే కూడా కూర్చొని కనిపిస్తాడు. చిత్రం తీసిన సమయానికి ఆయన అక్కడ లేడు. ఆయన ముఖాన్ని తరువాత అతికించారు. పరికించి చూస్తే పక్కవారి తలలతో పొంతన కుదరని ఆ తల పట్టిస్తుంది. విశేషమేమంటే, ఆ చిత్రంలో మేరీ క్యూరీ, పొయంకారే కెమెరావైపు చూడనేలేదు. ఏదో కాగితంమీదికి వంగి చర్చలో మునిగి ఉన్నారు. గ్రూప్ ఫొటో నియమాలన్నిటినీ ఉల్లంఘించిన ఆ ఇద్దరే అందులో సజీవంగా కనిపిస్తారు.

మన సభలలో గ్రూప్ ఫొటోకు కేటాయించే సమయం మిక్కిలి తక్కువ. వందనసమర్పణ అయిన తరువాత, ముఖ్య అతిథి కారు ఎక్కబోయే ముందు రెండు నిమిషాలు దొరుకుతాయి. అప్పటికి విద్యార్థులు సగంమంది ఫలహారాలవద్దకు చేరి ఉంటారు. పెద్దలు అలసి ఉంటారు. కుర్చీలు లాగడం, పేర్లు పిలవడం, ఒకరినొకరు త్రోసుకోవడంలోనే ఆ రెండు నిమిషాలు గడిచిపోతాయి. సభ ఆరంభానికి అరగంట ముందు, ముఖాలింకా తాజాగా ఉన్నప్పుడు చిత్రం తీయడం అన్నివిధాలా ఉత్తమం. బెంచీలమీది వరుసను, నిలిచేవరుసను, నేలమీదివారిని ముందే సర్ది, దీపాలను పరీక్షించి, అన్నీ సిద్ధమైన తరువాత కుర్చీలలోకి పెద్దలను ఆహ్వానించాలి. వయోవృద్ధులు నడిచే త్రోవలో దీపాల తీగలు అడ్డంగా ఉంటే నేలకు అంటించి ఉంచాలి. బెంచీ కాళ్ళు ఊగుతున్నవేమో ఒకసారి చూడాలి. ఎత్తైన స్టాండు పాదంమీద ఇసుకసంచి వేయడం మరువరాదు.

వరుసలు తీర్చి, కుర్చీలు మోసి, తివాచీ పరచిన అటెండర్లు చిత్రం తీసే సమయానికి పక్కకు తప్పుకొంటారు. వారిని పిలిచేవారు ఉండరు. ముప్పై ఏళ్ళు ఆ కళాశాల గంట కొట్టిన మనిషి ఆ కళాశాల పటాలలో ఒక్కదానిలోనూ లేకపోవడం మనకు కొత్త కాదు. అరవైమందికి చోటున్న వరుసలలో మరి ముగ్గురికి చోటు కల్పించడానికి లెన్సు మార్చనక్కరలేదు. దూరం ఒక అడుగు పెంచితే చాలు.

చిత్రం తీయగానే అందరూ చెదిరిపోతారు. వరుసలు నిలిచి ఉండగానే మరొక పని జరగాలి. ఒక విద్యార్థి కాగితం పట్టుకొని నేలవరుస నుండి మొదలుపెట్టి, ఎడమ నుండి కుడికి, ప్రతి ఒక్కరి పేరును ఇంటిపేరుతో సహా వ్రాసుకోవాలి. ఎవరి ఎడమ అన్న సందేహం ఏటేటా తలెత్తుతుంది. చూసేవారి ఎడమ అని ఆ కాగితం పైభాగానే వ్రాసి ఉంచాలి. ఆ జాబితాను పటం అడుగున ముద్రించడానికి చోటు చాలకపోతే, చట్రం వెనుక అట్టమీద అంటించి, దానిమీద తేదీ వేయాలి.